రెండు చప్పుళ్లు

ఒక చప్పుడును లోపల దాచుకొని ఇన్నేళ్లు బతికాను. అరచెయ్యి రేకు మీద పడిన చప్పుడు. అది ఒకసారి పడిందా, రెండుసార్లు పడిందా? ఇంతే సంగతి. ఇదీ ఒక బరువేనా అనిపిస్తుంది వినేవాళ్లకు. నాకు మాత్రం మోకాళ్లూనిన ప్రతిసారీ మొదట వినపడేది అదే. ప్రార్థనలో ఎందరి పేర్లో ఎత్తుతాను. జబ్బుతో ఉన్నవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, దారి తప్పినవాళ్లు. ఒక్క పేరు దగ్గరికి వచ్చేసరికి నాలుక ఆగిపోతుంది. ఆ పేరు సుగుణ.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. మా సంఘంలో చెబితే ముందు "స్తోత్రం" అంటారు, తర్వాత "ప్రభువు ఎప్పుడో క్షమించాడమ్మా" అంటారు, ఆ వెంటనే పాట ఎత్తుకుంటారు. వాళ్లది ప్రేమే, తప్పు పట్టను. కానీ నాకు అంత తొందరగా దొరికే క్షమాపణ వద్దు. ముందు ఎవరైనా ఒకరు చివరిదాకా వినాలి.

మాది కోస్తా. మా ఆయనకు ఇక్కడి పెద్ద సర్కారీ కర్మాగారంలో ఉద్యోగం రావడంతో పటాన్‌చెరు వైపు వచ్చి స్థిరపడ్డాం. పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక ఇస్నాపూర్‌లో ఒక రేకుల షెడ్డు తీసుకొని చిన్న పని పెట్టాను. పెద్ద క్యాన్లలో వచ్చే యాసిడ్‌ను బాత్రూములు కడగడానికి సీసాల్లో నింపి అమ్మేవాళ్లం. ఫినాయిలు చేసేవాళ్లం. వానాకాలం వస్తే పంచాయతీలకు బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు బస్తాలు వేసేవాళ్లం. సరుకు తిప్పడానికి సొంతంగా ఒక ట్రాలీ ఆటో ఉండేది. షిఫ్టు లేని పూట మా ఆయనే నడిపేవారు.

సుగుణ సీసాలు నింపే పనికి వచ్చింది. ఆ ఊరి పిల్లే. అప్పటికే పెళ్లయింది. మొదటి రోజే నేను పని చెబుతుంటే చేతిలో గరాటు పట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమిటి నవ్వుతున్నావు?"

"ఏం లేదక్కా. నువ్వు మాట్లాడుతుంటె రేడియోల వార్తలు సదివినట్టుంటది. వాన వడ్తదా వడదా, గది గూడ జెప్పు."

నాకు కోపం రావాలి. రాలేదు. అంత దూరం నుంచి వచ్చి, ఎవరి యాస మనది కాక, ఎవరి వంట మనది కాక, ఒక్కదాన్నే ఉన్న రోజులవి. నన్ను వెక్కిరించడానికైనా ఒక మనిషి దొరికిందని సంతోషపడ్డాను. మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టె నేను తినేదాన్ని, నా పప్పన్నం ఆమె తినేది. పని అయ్యాక షెడ్డు ముందు ఎండలో కూర్చోబెట్టి నా తల దువ్వేది.

ఆమె మా ప్రార్థన కూటానికి పాట కోసం వచ్చింది. దేవుని కోసం రాలేదు. ఆ మాట తనే చెప్పేది, సిగ్గు లేకుండా. తర్వాత దేవుడు కూడా దొరికాడనేది. ఆమె గొంతు గురించి ఎలా చెప్పాలి? మేము చిన్నప్పటి నుంచి పుస్తకం పట్టుకొని, రాగం తప్పకుండా, నిటారుగా నిలబడి పాడటం నేర్చినవాళ్లం. సుగుణ అవే కీర్తనలను నాట్లేసేటప్పుడు పాడుకునే బాణీలోకి దింపేది. మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఊపిరి తీసుకునేది. ఆ ఊపిరితో పాటు కూటమంతా ఊపిరి తీసుకునేది. అప్పుడు పాట వచ్చేది. నేను ఎంతో లేఖనం చదివాను, ఎన్నో సభల్లో కూర్చున్నాను, ఎందరి బోధలో విన్నాను. దేవుడు పక్కన వచ్చి కూర్చున్నాడని నాకు అనిపించింది మాత్రం ఆ గొంతు విన్నప్పుడే.

ఇక ఆ చప్పుడు సంగతి. ట్రాలీ ఆటోలో సరుకు నిండితే నడిపేవాళ్లకు వెనక ఏమీ కనపడదు. అందుకని వెనక ఉన్నవాళ్లు రేకు మీద అరచేత్తో కొట్టి చెబుతారు. ఒకసారి కొడితే ఆగు. రెండుసార్లు కొడితే పో. ఈ పక్క బస్సులకైనా, లారీలకైనా, ట్రాలీలకైనా అదే పద్ధతి. నేను ఇక్కడికి వచ్చి నేర్చుకున్న మొదటి భాష అదేనేమో.

ఒక వానాకాలం ముందు చిన్న చిన్న యూనిట్ల వాళ్లందరినీ పిలిచి ఒక అధికారి నియమాలు చెప్పారు. సొంత సరుకు సొంత బండిలో తీసుకుపోతున్నాం, కొంచెమే కదా, ఎవరడుగుతారు అనుకోవద్దన్నారు. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ ఒకే బండిలో వేయొద్దు, అవి రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. క్యాన్లు కదలకుండా తాళ్లతో బిగించాలి. ఏ సరుకు ఉందో తెలిసేలా బండికి హెచ్చరిక గుర్తు పెట్టాలి. సరుకుతో పాటు వెనక మనుషులను ఎక్కించొద్దు. నేను శ్రద్ధగా విన్నాను. నాకు వినడం బాగా వచ్చు. చిన్నప్పటి నుంచి చేసింది అదే. తిరిగొచ్చి షెడ్డులో వాళ్లను చుట్టూ కూర్చోబెట్టి, స్త్రీల కూటంలో బైబిలు వాక్యం చెప్పినట్టే, ఒక్కొక్కటీ వివరించాను. అంతా అయ్యాక సుగుణ చేతులు జోడించి, "దీనికి గూడ ఆమెన్ అనాల్నా అక్కా?" అంది. అందరం నవ్వాం.

కొన్నాళ్లు పాటించాం. కానీ రెండు సరుకులకు రెండు ట్రిప్పులు వేయాలంటే మా ఆయనకు సెలవు పూట చాలేది కాదు. అప్పుడు నా మనసు ఒక పని చేసింది. దాని మాట కూడా దాచను. మేము ధర్మశాస్త్రం కింద లేము, కృప కింద ఉన్నాం అని మాకు బోధించేవారు. అది పాపిని దేవుడు ఎలా చేర్చుకుంటాడో చెప్పే మాట. నేను దాన్ని తెచ్చి ట్రాలీ ఆటోకు పూశాను, రెండు సరుకులూ ఒకే ట్రిప్పులో వేయడం మొదలుపెట్టాను. బండి కదిలే ముందు రేకు మీద చెయ్యి ఉంచి కాపుదల కోసం ప్రార్థించడం మా అలవాటు. మంచి అలవాటే. కానీ తాడు కట్టాల్సిన చోట నేను ప్రార్థన కట్టాను. నాకు తెలిసి ఈ పొరపాటు అవిశ్వాసి చేయడు. వాడు భయపడి తాడు కొనుక్కుంటాడు.

ఆ రోజు ముసురు పట్టింది. జిన్నారంలో స్త్రీల కూటం ఉంది. సుగుణ అక్కడ వాళ్లకు ఒక కొత్త పాట నేర్పాలి. అక్కడి దుకాణానికి యాసిడ్ వేయాలి, ఆ పక్క పంచాయతీకి బ్లీచింగ్ పౌడరు దింపాలి. అన్నీ ఒకే ట్రిప్పులో అయిపోతాయి అనుకున్నాను. మా ఆయన పక్కన ఒక మనిషి ఇరుక్కొని కూర్చునే చోటుంది. అక్కడ సీసాలకు అతికించే లేబుళ్ల పెట్టెలు పెట్టాను, వానకు తడవకుండా. కాగితం ముందు పెట్టాను. మనిషికి చోటు వెనక మిగిల్చాను.

సుగుణ ముందుకు తొంగిచూసి నవ్వింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని వెనక ఎక్కి బస్తాల మీద కూర్చుంది. "నేను క్యాన్లు వట్టుకుంట తియ్యి. తాళ్లు గూడ లేకపాయె" అంది. ఇంజను మోగుతోంది. నేను రేకు మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టాను.

అప్పుడు ఆమె మళ్లీ మాట్లాడింది. "దిగాల్నా అక్కా? ఎనక ఎక్కొద్దని మొన్న నువ్వే జెప్పినవ్ గద."

విన్నాను. స్పష్టంగా విన్నాను. ప్రార్థన ఆపలేదు. దేవునితో మాట్లాడుతున్నప్పుడు మనిషికి జవాబు చెప్పనక్కర్లేదనుకున్నానా? లేక జవాబు చెబితే దిగమనే చెప్పాలి గనుక, దిగితే కూటంలో పాట ఉండదు గనుక, కళ్లు ఇంకొంచెం గట్టిగా మూసుకున్నానా? ఇన్నేళ్లుగా ఇదే అడుగుతున్నాను నన్ను. ఆమెన్ అన్నాను. కళ్లు తెరిచాను. ఆమె నా ముఖంలోకి చూస్తోంది, జవాబు కోసం. రేకు మీద కొట్టాను.

రెండుసార్లు.

మిగతాది మా ఆయన చెప్పగా తెలిసింది. దారిలో వాన పెరిగింది. ఆమె సరుకు మీది టార్పాలిన్ పట్టా లాక్కొని కప్పుకుంది. ఒక గుంతలో బండి ఎగిరిపడి క్యాన్ ఒరిగింది, మూత ఊడి యాసిడ్ కిందికి కారి బస్తాల్లోకి పోయింది. పట్టా కింద ఆ విషపు గాలి కమ్మింది. ఆమె లోపలి నుంచి కొట్టింది. ఒకటి కాదు, ఎన్నో. గుంతల్లో క్యాన్లు రేకుకు తగులుతున్నాయనుకున్నారట ఆయన. ఘాటు ముక్కుకు తగిలాకే ఆపారు. ఆయన, పొలంలో ఉన్నవాళ్లు కలిసి ఆమెను దింపారు.

బతికింది. ఊపిరితిత్తులూ గొంతూ లోపల కాలిపోయాయని, నయమైనా మునుపటిలా ఉండవని డాక్టరు చెప్పారు.

ఆసుపత్రి వరండాలోకి బండ్ల తనిఖీ అధికారి వచ్చారు. ఆమెను వెనక ఎవరు ఎక్కించారని అడిగారు. సుగుణ భర్త అక్కడే ఉన్నాడు. మా సంఘం పెద్ద ఉన్నారు. మా ఆయన తడిసిన బట్టలతో గోడకు ఆనుకొని ఉన్నారు. అందరూ నా వైపు చూశారు. నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో.

"తనే ఎక్కిందండి. నేను ఆపమని రేకు మీద కొట్టాను. ఒక్కసారే కొట్టాను."

మా ఆయన తలెత్తారు. "నాకు రెండు వినపడ్డాయే" అన్నారు మెల్లగా.

"రెండోది క్యాన్ తగిలిన చప్పుడై ఉంటుంది."

ఆయన తల దించుకున్నారు. చేతి చప్పుడుకూ క్యాన్ చప్పుడుకూ తేడా తెలియని మనిషినని అప్పటికే ఆయన తనను తాను తిట్టుకుంటున్నారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను. నిజం చెబితే షెడ్డు మూతపడేది, కేసు నా మీదికి వచ్చేది. అంతకంటే, వాక్యం చెప్పే మనిషినన్న పేరు పోయేది. దేనికి ఎక్కువ భయపడ్డానని మీరు అడిగితే, పేరుకే. సుగుణ భర్త అప్పుడే లోపలికి పోయి ఆమె మీద అరిచాడు. "పెద్దామె ఆపుతుంటె గూడ ఎక్కి కూసున్నవా?"

రెండు రోజులకు నన్ను లోపలికి రానిచ్చారు. ఆమె కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"అక్కా."

అది ఆమె గొంతు కాదు. ఎండుటాకు నేల మీద రాచినట్టుంది.

"మాట్లాడకు సుగుణా. మాట్లాడొద్దన్నారు."

"ఒక్కటడుగుత. ఒక్కసారే కొట్టినవా?"

ఆ క్షణం నాకు దేవుడిచ్చాడు. అది నా కోసం తెరిచిన తలుపు. వరండాలో చెప్పింది భయంతో చెప్పాను, ఇక్కడ మేమిద్దరమే ఉన్నాం, నిజం చెప్పినా ఆమె ఎవరికీ చెప్పదు. అయినా చెప్పాను.

"ఒక్కసారే."

"నాకు రెండినవడ్డయి."

"రెండోది క్యాన్ తగిలిన చప్పుడు."

పైకప్పు వైపు చూసింది. తర్వాత, ఒక్కో మాటకూ ఊపిరి వెతుక్కుంటూ అంది, "గట్లనే అయ్యుంటది. నేనే ఆగమాగం జేసిన. జెర దిగితే అయిపోతుండె. నిన్ను గూడ పరేషాన్ జేసిన గదక్కా."

నన్ను ఓదార్చింది. నా చెయ్యి పట్టుకొని ఓదార్చింది. తను విన్నదాన్ని వదిలేసి నేను చెప్పింది తీసుకుంది.

ఆ ఆదివారం సంఘంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. సుగుణ ప్రాణం దక్కినందుకు. లేచి నిలబడి చెప్పాను. ఆపమని నేను ఎలా కొట్టానో, అయినా దేవుడు ఆమెను ఎలా కాపాడాడో. మా దగ్గర సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పడం. కోర్టులో సాక్ష్యమంటే చూసింది చూసినట్టు చెప్పడం. నేను మొదటిదాన్ని అడ్డం పెట్టుకొని రెండోదాన్ని చంపాను. ఆ తర్వాత పాస్టరు అయ్యగారు పెద్దల మాట జవదాటడం గురించి బోధించారు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. తన ప్రభువును ఎరుగనన్న ఆ శిష్యుడి గురించి స్త్రీల కూటాల్లో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఆయన బయటికి పోయి ఏడ్చాడు. నేను లోపలికి పోయి సాక్ష్యం చెప్పాను.

సుగుణ మళ్లీ పనికి రాలేదు. ఆదివారాలు కొన్నాళ్లు వచ్చింది. వెనక కూర్చొని చప్పట్లు కొట్టేది. పాట మొదలయ్యే ముందు అలవాటుగా ఊపిరి తీసుకొని, గుర్తొచ్చి, నోరు మూసుకునేది. అది చూశాను నేను. ఒకసారి కాదు. ఆ తర్వాత భర్త ఆమెను జిన్నారం అవతల తన ఊరికి తీసుకుపోయాడు.

అప్పటి నుంచి ఆ గొంతు కోసం వెతుక్కుంటున్నానంటే నమ్ముతారా? ఎక్కడ సభ జరిగినా పోయేదాన్ని, ముందు వరుసలో కూర్చునేదాన్ని. బాగా పాడేవాళ్లు ఎందరో ఉన్నారు. నాకు మాత్రం వాళ్ల పాట మధ్యలో ఆమె పాట వినపడి, అందనంత దూరం పోయేది. బోరు దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు ఆ యాసలో నవ్వితే ఆగి నిలబడేదాన్ని. షెడ్డు ముందు ఎండలో కూర్చుంటే తల మీద వేళ్లు కదిలినట్టుండేది. నా తల మళ్లీ ఎవరితోనూ దువ్వించుకోలేదు. ఇలా ఆశపడే హక్కు నాకు లేదని తెలుసు. పోగొట్టినదానికి పోయిందని ఏడ్చే హక్కెక్కడిది? అయినా మనసు ఆశపడుతుంది. ఉదయం లేవగానే ఆశపడుతుంది. దేవుని సన్నిధి కావాలని అడగబోయి ఆమె పాట కావాలని అడుగుతున్నానని ఎన్నోసార్లు నాకు నేనే పట్టుబడ్డాను.

ఇన్నేళ్లు ఆమె దగ్గరికి పోలేదు. కిందటి ఎండాకాలం ఆ ఊరి నుంచి మా సంఘానికి వచ్చిన ఒకామె మాటల్లో చెప్పింది. సుగుణ అక్కడ ఆడపిల్లలను పోగేసి పాటలు నేర్పుతుందట, చప్పట్లతో, పెదవుల కదలికతో. వాళ్లు అల్లరి చేసినప్పుడల్లా తన గొంతు చూపించి చెబుతుందట. పెద్దల మాట ఇనకపోతె ఏమైతదో నన్ను చూడుండ్రి అని.

ఆ రాత్రి అన్నం ముందు నుంచి లేచాను. నా అబద్ధం ఇంకా అక్కడ బతికి ఉంది, ఆమె నోటితో పిల్లలకు బోధ చేస్తోంది. మా ఆయనను కూర్చోబెట్టి ముందు ఆయనకు నిజం చెప్పాను. ఆయన తన చేతులు చూసుకున్నారు. మర్నాడు బస్సెక్కాను.

ఆమె ఇంటి ముందు కూర్చొని చింతపండు గింజ తీస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేవబోయింది, ఆయాసం వచ్చి మళ్లీ కూర్చుంది.

"అక్కా! ఇన్నొద్దులకు తోవ దొరికిందా?" అదే ఎండుటాకు గొంతు, అదే వెక్కిరింత. "సగమైనవేంది? బావ అన్నం వెడ్తలేడా?"

నీళ్లిచ్చింది. భర్త పోయిన సంగతి చెప్పింది. నేను పక్కన కూర్చొని గింజలు తీయడం మొదలుపెట్టాను. అప్పుడే ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేదో. ఆ మధ్యాహ్నం అలాగే గడిచిపోతే, ఆమె నన్ను అలాగే అక్కా అని పిలుస్తూ ఉంటే. ఆ ఒక్కపూట కోసం మళ్లీ దాచేద్దామా అనిపించింది. అబద్ధమాడను, నిజంగానే అనిపించింది.

"సుగుణా, ఆ రోజు నేను రెండుసార్లు కొట్టాను. నువ్వు దిగాలా అని అడిగింది విన్నాను. విని, పొమ్మని కొట్టాను. క్యాన్ చప్పుడు కాదు."

ఆమె చేతులు ఆగాయి. వీధిలో ఎవరో మేకలను తోలుకుపోతున్నారు.

"గట్లయితె నా చెవులు మంచిగనే ఉండె."

నన్ను అనలేదు ఆ మాట. తనకు తను చెప్పుకుంది. తర్వాత అంది, "మా ఇంటాయన పోయేదాంక గదే అన్నడు. నేను గూడ గట్లనే అనుకుంట వచ్చిన. నాకినవడ్డది నేనే నమ్మకపోతి."

నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె క్షమిస్తుందేమోనని భయం వేసింది. ఆమెకు అలవాటు కదా, నన్ను ఓదార్చడం. చింతపండు బుట్ట పక్కకు జరిపి, ఆమె చీర దులుపుకొని లేచింది. గడప దగ్గర నిలబడి, నా వైపు తిరగకుండా అంది.

"బస్సు పోతది. ఇగ మీరు లేవండ్రి."

పరిచయమైన నాటి నుంచి నన్ను ఎప్పుడూ మీరు అనలేదు.

బస్సు కిటికీ పక్కన కూర్చున్నాక నాకు ఊపిరి లోపలి దాకా పోయింది. ఎన్నేళ్ల తర్వాతో. తేలికైంది. ఆమె ఇంటి ముందు అంత బరువు దించి, ఆమెకు దక్కని నిండు ఊపిరి పీల్చుకుంటూ ఇంటికి వచ్చాను. అందుకు సిగ్గుపడుతున్నాను. అయినా తేలికైన మాట నిజం. దాన్ని కూడా దాచకుండా మీతో చెబుతున్నాను.